మెట్ల కింద డ్రమ్ములు: లెడ్ జెప్లిన్ రికార్డింగులు ఎలా తయారయ్యాయి

అందరికీ నమస్కారం.

లెడ్ జెప్లిన్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది గోల. హోటల్ గదులు పాడుచెయ్యడం, మూడేసి గంటల కచేరీలు, చెవులు దిమ్మెక్కించే శబ్దం. ఆ కథలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది వాళ్ల రికార్డింగుల గురించి. 1968 నుంచి 1980 దాకా ఉన్న ఈ బ్రిటిష్ రాక్ బృందం ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు విడుదల చేసింది. వాటిలో వినిపించే ఆ భారీతనం వాల్యూమ్ పెంచితే వచ్చింది కాదని నా వాదన. మైకు ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు చేసిన పని అది.

గిటారిస్టు జిమ్మీ పేజ్, బాస్ వాయించిన జాన్ పాల్ జోన్స్ ఇద్దరూ అంతకుముందు లండన్‌లో సెషన్ వాద్యకారులు. రోజూ ఏదో ఒక స్టూడియోలో ఎవరి పాటకో వాయించి వచ్చేవాళ్లు. అప్పట్లో డ్రమ్మర్‌ను ఒక మూల చిన్న గదిలాంటి దాంట్లో కూర్చోబెట్టి, మైకుల్ని డ్రమ్ముల దగ్గరికి జరిపి రికార్డు చెయ్యడం మామూలు. అలా చేస్తే చర్మం మీద కర్ర తగిలిన దెబ్బ పడుతుంది గానీ, డ్రమ్ము మోగి గదంతా నిండిన శబ్దం పడదు. దూరమే లోతునిస్తుందన్నది పేజ్ సూత్రం. దాన్ని అమలు చెయ్యాలంటే నిర్మాణం తన చేతిలో ఉండాలి. అందుకే అట్లాంటిక్ రికార్డు కంపెనీతో ఒప్పందంలోనే ఆ హక్కు ఉంచుకున్నాడు.

మొదటి ఆల్బమ్‌ను 1968 శరదృతువులో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో చేశారు. మొత్తం 36 గంటల స్టూడియో సమయం, దాదాపు 1,782 పౌండ్ల ఖర్చు. అంత తక్కువలో అయిపోవడానికి కారణం అప్పటికే ఆ పాటలు స్కాండినేవియా కచేరీల్లో వాయించి వాయించి చేతికి వచ్చేశాయి. ఇంజినీరు గ్లిన్ జాన్స్. డ్రమ్స్‌కి ఆయన పేరుతో ఈ రోజుకీ వాడుకలో ఉన్న మైకు పద్ధతి ఈ సెషన్లలోనే పుట్టింది.

ఆ పద్ధతి ఇది. ఒక మైకు స్నేర్ డ్రమ్‌కి (డ్రమ్మర్ ముందుండే, చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) పైన, సుమారు 40 అంగుళాల ఎత్తులో, కిందికి చూస్తూ ఉంటుంది. రెండోది నేల మీద నిలబడే పెద్ద డ్రమ్ము, అంటే ఫ్లోర్ టామ్ పక్కన, దాని అంచుకి కొద్దిగా పైన, అవతల ఉన్న హై-హ్యాట్ (కాలితో మూసే జంట కంచు పళ్లేలు) వైపు చూస్తూ ఉంటుంది. మూడోది కాలితో కొట్టే కిక్ డ్రమ్ ముందు. కావాలంటే స్నేర్‌కి దగ్గరగా ఇంకొకటి. ప్రాణమంతా మొదటి రెండు మైకుల్లోనే ఉంది: స్నేర్ నడిమధ్య నుంచి ఆ రెండింటికీ దూరం కచ్చితంగా ఒక్కటే కావాలి. ఒక దారం తీసుకుని ఒక కొస స్నేర్ మధ్యలో పట్టుకుని, రెండో కొస మొదటి మైకుకి, తర్వాత రెండో మైకుకి చాపి చూస్తే చాలు. ఎందుకింత పట్టింపు? శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. ఒక మైకు 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉందనుకోండి, స్నేర్ దెబ్బ దానికి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే 1000 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్‌లో చురుకు పోయి డొల్లగా వినిపిస్తుంది. చాలామంది దీన్ని ఈక్వలైజర్‌తో బాగుచెయ్యబోతారు. అది ఈక్వలైజర్‌తో బాగయ్యే జబ్బు కాదు. మిక్స్‌ను మోనోలో పెట్టి, అంటే రెండు స్పీకర్ల శబ్దాన్నీ ఒకటిగా కలిపి వినండి. స్నేర్ సన్నబడితే మైకు కొంచెం జరపండి, మళ్లీ వినండి.

రెండో ఆల్బమ్ మీద ఎక్కువసేపు ఆగను. 1969లో పర్యటన మధ్యలో దొరికిన స్టూడియోల్లో ముక్కలుముక్కలుగా రికార్డు చేశారు, న్యూయార్క్‌లో ఇంజినీరు ఎడ్డీ క్రేమర్ పన్నెండు ఛానెళ్ల ఆల్టెక్ మిక్సింగ్ బల్ల మీద రెండు రోజుల్లో మిక్స్ చేశాడు. ‘హోల్ లాటా లవ్’ చివర్లో గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు కంటే ముందే దాని నీడలాంటిది ఒకటి వినిపిస్తుంది. అది వేరే ట్రాక్ నుంచి కారిపోయిన గొంతు. ఎంత తగ్గించినా పోలేదు. పోనిదాన్ని దాచే ప్రయత్నం మానేసి దానికి రివర్బ్, అంటే కృత్రిమ మారుమోత కలిపి నిలబెట్టారు. ఇప్పుడు ఆ పాటలో జనం ఎదురుచూసే చోటు అదే.

ఇక నాలుగో ఆల్బమ్. 1970 చివర, 1971 మొదట్లో బృందం హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో దిగింది. 1795లో పేదలకోసం కట్టిన వసతిగృహం అది. బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కు ఆపి, కేబుళ్లు లోపలికి లాగారు. ఇంజినీరు ఆండీ జాన్స్, అంటే గ్లిన్ తమ్ముడు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ డ్రమ్స్ ఇక్కడి హాల్లో పుట్టాయి.

డ్రమ్మర్ జాన్ బోనమ్ కిట్, అంటే డ్రమ్ముల సెట్టు, లుడ్విగ్ కంపెనీది. కిక్ డ్రమ్ 26 అంగుళాలు, టామ్ 14, ఫ్లోర్ టామ్‌లు 16, 18 అంగుళాలు, స్నేర్ ఆరున్నర అంగుళాల లోతున్న లోహపు సుప్రాఫోనిక్. కిక్ డ్రమ్ ముందు చర్మానికి రంధ్రం లేదు, లోపల దుప్పటి కూరలేదు. చర్మాలు చాలామంది ఊహించినదానికంటే బిగుతుగా ఉండేవి. ‘అంత పెద్ద శబ్దం కావాలంటే చర్మం వదులు చెయ్యాలి’ అనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. వదులు చర్మం దగ్గర మైకుకి బరువుగా వినిపిస్తుంది, పది అడుగులు దాటాక మట్టికుండ మీద కొట్టినట్టు ఉంటుంది. బిగుతు చర్మం దగ్గర పలచగా ఉన్నా దూరం పోయేకొద్దీ స్వరం విప్పుకుంటుంది.

ఆ హాలు మీదుగా మెట్లదారి మూడంతస్తుల ఎత్తుకి వెళుతుంది. కిట్ కింద, మైకులు పైన మెట్ల దగ్గర. రెండే మైకులు, బేయర్ ఎం160 రిబ్బన్ మైకులు (లోపల సన్నటి లోహపు పట్టీ ఉండే రకం). కిక్ డ్రమ్‌కి విడిగా మైకు లేదు. ఆ సంకేతాన్ని లిమిటర్లలో, అంటే పెద్ద శబ్దాల్ని అణిచే యంత్రాల్లో, గట్టిగా నొక్కి, బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ ఎకో యంత్రం గుండా పంపారు. టేపు బదులు తిరిగే అయస్కాంత చక్రం మీద నడిచే యంత్రం అది. దాని మారుమోత బోనమ్ దెబ్బల మధ్య సందుల్లో పడుతుంది, అందుకే ఒక్క మనిషి వాయించినదానికంటే ఎక్కువ దెబ్బలు వినిపిస్తాయి. తర్వాత టేపు వేగం తగ్గించారు. శ్రుతి దిగింది, ప్రతి దెబ్బ తోకా, అంటే దాని వెనక మిగిలే మోతా సాగింది. లాస్ ఏంజిల్స్‌లో చేసిన మిక్సులు లండన్ తెచ్చి వింటే నచ్చక తిరిగి చేశారు, అక్కడిది నిలిచింది ఈ ఒక్క పాటే. ఇదే పాటను అంతకుముందు స్టూడియోలో ప్రయత్నించిన రూపం 2015లో ‘కోడా’ ఆల్బమ్ కొత్త ముద్రణలో ‘ఇఫ్ ఇట్ కీప్స్ ఆన్ రెయినింగ్’ పేరుతో వచ్చింది. రెండూ పక్కపక్కన వినండి. మనుషులు వాళ్లే. మెట్లు చేసిన పని తేటగా వినిపిస్తుంది.

దీన్ని ఇంట్లో చేద్దామనుకునేవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు రెండు. ఒకటి, పైకప్పు. కప్పుకి అడుగు దూరంలో మైకు పెడితే నేరుగా వచ్చిన శబ్దం వెనకే కప్పు నుంచి తిరిగొచ్చింది 60 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి చేరుతుంది. సుమారు 285 హెర్ట్జ్ దగ్గర శబ్దం తగ్గిపోయి గుంట పడుతుంది. డ్రమ్ము నిండుతనం ఉండేది సరిగ్గా అక్కడే. మీ గది ఎనిమిది అడుగుల ఎత్తే అయితే మైకును పైకి కాకుండా పక్కకి పంపండి: తలుపు తీసి వరండాలో, లేదా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పెట్టండి. రెండోది సింబల్స్, అంటే కర్రతో కొట్టే కంచు పళ్లేలు. లిమిటర్ పెద్ద దెబ్బను అణచి, దాని వెనక ఉన్నదాన్ని పైకి లాగుతుంది. వెనక ఉండేది సింబల్ మోత. డ్రమ్మర్ సింబల్స్‌ను బాదితే గదంతా సలసలమంటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్నూ తీయలేదు. బోనమ్ కాలితో ఎంత బలంగా కొట్టేవాడో సింబల్స్ మీద చేతిని అంత అదుపులో ఉంచేవాడు. రిబ్బన్ మైకు పై ఫ్రీక్వెన్సీలను మెత్తబరచడం కూడా కలిసొచ్చింది. రౌడీ వాయిద్యం అని పేరుపడ్డ దాంట్లో ఇంత నిగ్రహం ఉంది.

దూరం సూత్రాన్ని వాళ్లు గుడ్డిగా పాటించలేదు. అదే ఆల్బమ్‌లో ‘బ్లాక్ డాగ్’ గిటార్‌కి యాంప్లిఫయరూ లేదు, గదీ లేదు. గిటార్‌ను నేరుగా కన్సోల్ మైకు ఇన్‌పుట్‌లోకి ఇచ్చి, అది చిట్లేదాకా తోసి, ఒకదాని వెనక ఒకటిగా రెండు 1176 కంప్రెసర్లు (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని దగ్గర చేసే యంత్రాలు) పెట్టి, అదే వరసను మూడుసార్లు వాయించి పేర్చారు. డ్రమ్స్ వెనక్కి వెళితే గిటార్ మన ముఖం మీదికి వస్తుంది. రెండూ దూరంగా ఉంటే మిగిలేది మసక.

ఇంకొక గుణం నాకు చాలా ఇష్టం. మంచి టేక్ దొరికితే అందులోని మురికిని వదిలెయ్యడం. ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’లో బోనమ్ కిక్ పెడల్ కిర్రుకిర్రుమంటుంది. స్టార్‌గ్రోవ్స్ అనే బంగళా తోటలో రికార్డు చేసిన ‘బ్లాక్ కంట్రీ వుమన్’ మొదట్లో పైన విమానం పోతుంది. తీసెయ్యమంటారా అని ఇంజినీరు అడిగితే ప్లాంట్ వద్దంటాడు, ఆ మాటలు కూడా రికార్డులో ఉన్నాయి.

‘కాశ్మీర్’ పాట గురించి మన శ్రోతలకి ప్రత్యేకంగా చెప్పాలి. దాని మాటలు పుట్టింది దక్షిణ మొరాకో ఎడారి రోడ్డు మీద, కాశ్మీర్‌కీ దానికీ సంబంధం లేదు. కానీ దాని లెక్క మనకి వెంటనే అందుతుంది. డ్రమ్స్ నాలుగు లెక్కలో నడుస్తాయి, గిటార్ వరస మూడు లెక్కలో. చతురశ్రం మీద తిశ్రం అన్నమాట. పన్నెండో దెబ్బ తర్వాత రెండూ మళ్లీ సమం మీద కలుస్తాయి. బోనమ్ ఎక్కడా గిటార్‌ను అనుసరించడు. చేతితో నాలుగు తాళం వేస్తూ వినండి, చెయ్యి జారితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. 1974లో మళ్లీ హెడ్లీ గ్రేంజ్‌లోనే, ఈసారి రోనీ లేన్ మొబైల్ స్టూడియోతో రాన్ నెవిసన్ రికార్డు చేశాడు. డ్రమ్స్‌లో నెమ్మదిగా తిరిగే ఆ సుడి ఈవెంటైడ్ ఫేజర్ అనే ఎఫెక్టు యంత్రానిది.

భారతదేశంతో నిజమైన లంకె 1972లో కుదిరింది. పేజ్, ప్లాంట్ బొంబాయిలో స్థానిక వాద్యకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ రికార్డు చేశారు. ‘ఫోర్ స్టిక్స్’ ఐదు లెక్కకీ ఆరు లెక్కకీ మధ్య మారుతుంది, పరిచయం లేని పాటతో ఒక్క సిట్టింగ్‌లో అది తేలిక కాదు. ఆ టేపులు 2015 దాకా అధికారికంగా వెలుగు చూడలేదు. తొందరలో చేసిన ప్రయోగమని తెలుస్తూనే ఉంటుంది, అయినా తబలా వచ్చాక ‘ఫ్రెండ్స్’ మూల రూపంకంటే ఊపిరి పీల్చుకుంటుందని నా అభిప్రాయం.

రౌడీతనం మాట దాటవెయ్యడం న్యాయం కాదు. 1977 జూలైలో ఓక్లండ్‌లో ప్రమోటర్ బిల్ గ్రాహం సిబ్బందిని కొట్టిన కేసులో బోనమ్, మేనేజరు పీటర్ గ్రాంట్ సహా నలుగురికి శిక్ష పడింది, అమలు నిలిపివేశారు. అమెరికాలో ఆ బృందం చివరి కచేరీలు అవే. 1980 సెప్టెంబరు 25న మితిమీరిన తాగుడు తర్వాత నిద్రలోనే బోనమ్ చనిపోయాడు. వయసు 32. అదే డిసెంబరు 4న బృందం ఆగిపోతున్నట్టు ప్రకటించింది. ఆ తాగుడుని వీరగాథలా చెప్పేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

వారసత్వంలో అప్పులూ ఉన్నాయి. ‘లెవీ’ మూలం 1927 మిసిసిపీ వరద మీద మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ 1929లో రికార్డు చేసిన బ్లూస్. ఆల్బమ్ మీద మినీ పేరు వేశారు. ‘హోల్ లాటా లవ్’ విషయంలో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పేరు చేరడానికి దావా వెయ్యాల్సొచ్చింది, 1987లో రాజీ కుదిరింది. ఇంత శ్రద్ధగా శబ్దం కట్టినవాళ్లు పేర్లు వెయ్యడంలో ఆ శ్రద్ధ చూపలేదు. తర్వాత ‘లెవీ’ డ్రమ్స్‌ను 1986లో బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందం వాళ్లు తమ తొలి ఆల్బమ్ మొదటి పాటకి పునాదిగా వాడుకున్నారు. పాట మొదట్లో డ్రమ్స్ ఒక్కటే ఉండడం, గది శబ్దం వాటితోనే రావడంతో కోసి తిప్పుకోవడానికి అనువైన ముక్క అది.

చివరగా, ఏ ముద్రణ వినాలని అడిగేవాళ్లకి. రెండో ఆల్బమ్ మొదటి అమెరికన్ ఎల్పీని ఇంజినీరు రాబర్ట్ లడ్విగ్ చాలా ఎక్కువ శబ్ద స్థాయిలో గాడి కోశాడు. పాట అయిపోయాక ఉండే ఖాళీ వలయంలో ‘ఆర్‌ఎల్’ అని గీసి ఉంటుంది. బాస్ ఎక్కువైతే గాడి అటూఇటూ ఊగుతుంది, చవక ప్లేయర్లలో సూది ఎగిరిపోయింది. దాంతో దాన్ని ఆపి, తగ్గించి మళ్లీ కోశారు. ఆ మొదటి ముద్రణ ఇప్పుడు చాలా ఖరీదు. దానికోసం అప్పు చెయ్యక్కర్లేదు. 2014, 2015ల్లో పేజ్ పర్యవేక్షణలో జాన్ డేవిస్ చేసిన రీమాస్టర్లు బాగున్నాయి, పైగా డీలక్స్ ముద్రణల్లో ప్రతి ఆల్బమ్‌తో రఫ్ మిక్సులో, విడుదల కాని టేకులో, కచేరీనో ఉన్న రెండో డిస్క్ వస్తుంది. నేర్చుకునేవాళ్లు ముందు తియ్యాల్సింది దాన్నే. రెండు ముద్రణలు పోల్చేటప్పుడు మాత్రం ముందు వాల్యూమ్ మీటర్ చూసి రెండింటినీ సమం చెయ్యండి. కాస్త గట్టిగా ఉన్నదే మేలైనదనిపిస్తుంది చెవికి. సమం చేశాక స్నేర్ వెనక తోక ఎంతసేపు నిలిచిందో వినండి, తేడా అక్కడ దొరుకుతుంది.