కళ్లు పోతాయన్న భయంతో నడవడి రాదు

తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ నమస్కారం.

"అబద్ధం ఆడితే కళ్లు పోతాయి." మన ఇళ్లలో చాలామంది పిల్లలు వినే మొదటి మతబోధ ఇదే. పిల్లవాడు ఒకరోజు అబద్ధం ఆడతాడు. కళ్లు పోవు. ఇక ఆ మాట చెప్పిన పెద్దల మీదా, దేవుడి మీదా వాడికి గురి తప్పుతుంది. ఎంత అన్యాయం!

మతం పిల్లలకు ఇవ్వగలిగింది ఇంతకంటే చాలా గొప్పది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగనే చూడండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవారు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవారు చేయి చాచి అందుకుంటారు. హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. తల్లి కొంగు పట్టుకుని ఆ నీళ్లలో నిలుచున్న పిల్లకు, తమకు దక్కినదాన్ని మరొకరికి అందించాలని వేరే పాఠం చెప్పాలా? రొట్టెతో కోరిక ఎలా తీరుతుందని ఆ పిల్ల అడిగితే మాత్రం నోరు మూయించకండి. ఆ ప్రశ్న కూడా చదువులో భాగమే.

ఇక బడి సంగతి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడిలోనూ సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను ప్రార్థనకు కూర్చోబెట్టరాదు. మంచి నిబంధన. దీన్ని చూసి మతం ఊసే ఎత్తకూడదని కొందరు ఉపాధ్యాయులు జంకుతున్నారు, అదే నాకు బాధ. మతబోధ వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు అని 1966లోనే దేశ విద్యావిధానాన్ని పరిశీలించిన కొఠారీ కమిషన్ తేల్చింది. మతాల గురించి చదవడం రాజ్యాంగ విరుద్ధం కాదని జాతీయ పాఠ్యప్రణాళికను సవాలు చేస్తూ వేసిన అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టూ చెప్పింది.

పక్క బెంచీలోని పిల్లవాడు రంజాన్ నెలలో మధ్యాహ్నం అన్నం ఎందుకు తినడో మన పిల్లలకు తెలియాలి. తెలిస్తే వాడి ముందు క్యారేజీ తెరిచేటప్పుడు కాస్త ఆలోచిస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవారు నల్లబట్టలు ఎందుకు కడతారో, క్రైస్తవులు గుడ్ ఫ్రైడేను ఎందుకు పాటిస్తారో ఆ పిల్లవాడికీ తెలియాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. గుడి నుంచి వచ్చీ రాగానే పనిమనిషిని కసిరితే, పిల్లలు నేర్చుకునేది కసరడమే.

బడిని నేను కోరేది ఇదీ: వారానికి ఒక పీరియడ్ మతాల పరిచయానికి ఇవ్వండి. అన్ని మతాల పిల్లలూ, ఏ మతమూ లేని ఇళ్ల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని వినాలి, అడగాలి. పరీక్ష వద్దు, మార్కులు వద్దు.