దురద పోలేదు, రిపోర్టులన్నీ నార్మల్

స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: చర్మవైద్యురాలు, పాథాలజిస్టు, మానసిక వైద్యుడు.

వ్యాఖ్యాత: నమస్కారం. నెలల తరబడి దురద, మంట, దద్దుర్లు. ముగ్గురు నలుగురు డాక్టర్లకు చూపించుకున్నారు. అందరిదీ ఒకటే మాట: ‘ఏం లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి.’ అలాంటివాళ్ల కోసమే ఈ చర్చ. మేడమ్, మీతో మొదలుపెడదాం. ఒంటి మీద ఇంత బాధ ఉంటే ‘ఏం లేదు’ అని ఎలా అనగలుగుతున్నారు?

చర్మవైద్యురాలు: చాలాసార్లు మనిషి మా ముందు కూర్చునేసరికి చూడ్డానికి ఏమీ మిగలదండీ. కొన్ని దద్దుర్లు రాత్రి లేచి తెల్లారేసరికి మాయమైపోతాయి. ఇంకొన్నిటికి అప్పటికే నాలుగైదు ట్యూబులు రాసి ఉంటారు, అసలు రూపం చెరిగిపోతుంది. ఈ రెండోదాంట్లో డాక్టర్ల పాపమూ ఉంది. సరిగ్గా చూడకుండా ఒక స్టెరాయిడ్ ట్యూబు, అది పనిచేయకపోతే ఇంకా ఘాటైనది. అదీ కుదరకపోతే ‘టెన్షన్’.

వ్యాఖ్యాత: మాయమయ్యే దద్దుర్లను డాక్టరుకి చూపించడం ఎలా?

చర్మవైద్యురాలు: బాల్‌పెన్ను చాలు. కొత్తగా లేచిన దద్దు అంచు చుట్టూ గీత గీసి, పక్కనే టైము రాయండి. మర్నాడు అదే టైముకి చూడండి. 24 గంటల్లోపు గీత లోపల చర్మం మామూలైపోయి, దద్దు ఇంకోచోట లేచిందనుకోండి, అది అర్టికేరియా. గీత లోపలే 24 గంటలు దాటి ఉండిపోయినా, దురద కంటే మంట, నొప్పి ఎక్కువున్నా, తగ్గాక కమిలినట్టు మచ్చ మిగిలినా రక్తనాళాల వాపు కావచ్చు. దానికి బయాప్సీ, అంటే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షించడం, తప్పదు. ఒక గీత, ఒక టైము. దీంతో దారులు రెండుగా విడిపోతాయి.

వ్యాఖ్యాత: అర్టికేరియా అని తేలితే, దేనివల్ల వచ్చిందో పరీక్షలు చేయించాలి కదా?

చర్మవైద్యురాలు: అక్కడే చాలా డబ్బు పోతుంది. ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వస్తుంటే దాన్ని దీర్ఘకాలిక అర్టికేరియా అంటాం. ఎక్కువమందిలో బయటి కారణం ఏదీ ఉండదు, శరీరపు రక్షణ వ్యవస్థే తన కణాలను రెచ్చగొడుతుంది. వంద రకాల తిండి అలర్జీ ప్యానెళ్లు చేయించి, అందులో వచ్చిన ప్రతి వస్తువూ మానేసి మనిషి చిక్కిపోతాడు తప్ప దద్దుర్లు తగ్గవు. కొందరిలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం కచ్చితంగా పెంచుతాయి, అది గమనించుకోవాలి. ఇక మందు విషయానికొస్తే, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటి అలర్జీ మాత్రలు దురద లేచినప్పుడు మాత్రమే వేసుకునేవి కావు. లేచినా లేవకపోయినా రోజూ వేసుకోవాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో లొంగకపోతే డాక్టరు పర్యవేక్షణలో నాలుగు రెట్ల దాకా పెంచే పద్ధతి ఉంది. అప్పటికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. ‘మాత్ర పనిచేయట్లేదు’ అనే చాలామంది దాన్ని రోజు విడిచి రోజు వేసుకుంటున్నవాళ్లే.

పాథాలజిస్టు: స్టెరాయిడ్ ట్యూబుల గురించి నేనొక మాట చెప్పాలి. తామరకి, అంటే చర్మానికి పట్టే ఫంగస్‌కి, స్టెరాయిడ్ రాస్తే ఎర్రదనం, పొట్టు, గుండ్రటి అంచు అన్నీ పోతాయి. వారం బాగుంటుంది. ఆపగానే ఇంకా వెడల్పుగా వస్తుంది, ఈసారి తామరలా కనిపించదు. చూసినవాళ్లు ఎగ్జిమా అనుకుని మళ్లీ స్టెరాయిడే రాస్తారు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉందేమో చదవండి. ‘దురద క్రీము’ అని అమ్మే మిక్స్‌డ్ క్రీముల్లోనూ ఇవి ఉంటాయి.

వ్యాఖ్యాత: మరి తేల్చేదెలా?

పాథాలజిస్టు: కేఓహెచ్ పరీక్ష. మచ్చ మధ్యలో కాదు, అంచున గీకి ఆ పొట్టుని పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. కొన్ని నిమిషాల పని. చిత్రమేమిటంటే స్టెరాయిడ్ రాసిన చోట ఫంగస్ ఇంకా పుష్కలంగా దొరుకుతుంది. యాంటీఫంగల్ రాసుకుని వస్తేనే దొరకదు. కాబట్టి ఆ క్రీము రెండు వారాలు ఆపి రావడం మేలు. ‘నెగెటివ్’ అని రిపోర్టు తెచ్చినవాళ్లని నేను ముందు అడిగేది, నిన్న ఏం రాశారని.

వ్యాఖ్యాత: ఒంటి మీద మచ్చా, పొక్కూ ఏమీ లేకుండా దురద ఒక్కటే ఉంటే?

చర్మవైద్యురాలు: అప్పుడు లోపల చూడాలి. రక్తకణాల లెక్క, ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. ఇదంతా మామూలు జాబితానే. స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక భరించలేని దురద మొదలైతే రక్తకణాలు ఎక్కువయ్యే జబ్బు గురించి ఆలోచిస్తాం. గర్భిణికి చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్లు దురదపెడితే, పొక్కు ఉన్నా లేకున్నా, ఆలస్యం చేయకుండా రక్తంలో బైల్ యాసిడ్స్, అంటే పైత్యరసపు ఆమ్లాలు, చూడాలి. దాంతో బిడ్డకు ప్రమాదం. నరం వల్ల వచ్చే దురదలూ ఉన్నాయి: ముంజేతి పైభాగంలో వస్తే మెడ దగ్గర నరం, రెక్క ఎముక పక్కన ఒకేచోట వస్తే వీపు నరం. ముంజేతికి ఐస్ పెడితేనే తప్ప దేనికీ తగ్గదంటే అది చర్మానిది కాదని దాదాపు చెప్పేయొచ్చు. వాటికి ఎన్ని అలర్జీ మాత్రలు మింగినా దండగే.

వ్యాఖ్యాత: ఫోటోలు తీసుకెళ్తే కొందరు చూడరు.

చర్మవైద్యురాలు: రెండొందల ఫోటోలు చూపిస్తే ఎవరూ చూడరండీ. ఆరు చాలు. ప్రతి మచ్చకీ రెండు: కొంచెం దూరం నుంచి ఒకటి, ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా. దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి. కిటికీ వెలుతురులో తీయాలి, ఫ్లాష్ వద్దు. వెలుగు పక్క నుంచి పడితే ఉబ్బు తెలుస్తుంది, ఎదురుగా పడితే అంతా చదునైపోతుంది. ఫోన్లో బ్యూటీ మోడ్ ఆపేయండి. అది దద్దుర్లనే నునుపు చేసి పెడుతుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు ఎరుపులా ఉండదు, ఊదాగానో, ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటుంది. ఎర్రగా లేదు కాబట్టి వాపు లేదనుకోవడం డాక్టర్లూ చేసే తప్పే.

పాథాలజిస్టు: నన్నడిగితే ఫోటోల కంటే బయాప్సీకి ముక్క తీయించుకోవడం నయం.

చర్మవైద్యురాలు: అన్నిటికీ కాదు సార్! గోకి గోకి పుండైన చోట ముక్క తీస్తే ‘నాన్ స్పెసిఫిక్ డెర్మటైటిస్’, అంటే ఫలానా అని తేలని చర్మపు వాపు, అని మీరే రాసిస్తారు. ఆ కాగితం పట్టుకుని ఇంకో డాక్టరు ‘చూశారా, ఏం లేదు’ అంటాడు.

పాథాలజిస్టు: ఒప్పుకుంటాను. తప్పు చోట తీసిన ముక్క తీయనిదాని కంటే హాని. గోకని, మందు పడని, కొత్తగా లేచిన దానిమీద తీయాలి. మామూలుగా 4 మిల్లీమీటర్ల పంచ్, అంటే గుండ్రటి బ్లేడు, మత్తు సూది, ఒకటో రెండో కుట్లు. ముఖం మీదైతే ఐదు నుంచి ఏడు రోజుల్లో, ఒంటి మీదైతే పది నుంచి పద్నాలుగు రోజుల్లో కుట్లు తీస్తారు. పెద్ద వయసులో బొబ్బలు లేకుండా నెలల పాటు దురద ఒక్కటే ఉండి, తర్వాత బొబ్బలొచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బుంది. అది అనుమానిస్తే రెండు ముక్కలు కావాలి. ఒకటి దద్దు మీద, ముక్కను నిలవ ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో. రెండోది దాని పక్కనే బాగున్నట్టు కనిపించే చర్మంలో, ఫార్మలిన్ తగలకుండా వేరే ద్రావణంలో. రెండూ ఒకే సీసాలో వేసి పంపితే రెండోది పనికిరాదు. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది, రోగికి తెలియను కూడా తెలియదు. ముక్క తీసేటప్పుడే ‘రెండు సీసాలున్నాయా’ అని అడగండి, తప్పేమీ లేదు.

వ్యాఖ్యాత: ఒకసారి నార్మల్ వస్తే అక్కడితో ఆగాలా?

పాథాలజిస్టు: అక్కర్లేదు. నడుము కింద, పిరుదుల మీద, ఎండ తగలని చోట్ల ఏళ్ల తరబడి మానని పల్చటి మచ్చలుంటే చర్మపు లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్, కావచ్చు. మొదటి బయాప్సీలో అది ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. పేరు తేలడానికి సంవత్సరాలు పట్టడం మామూలే. పూత స్టెరాయిడ్‌ని రెండు నుంచి నాలుగు వారాలు ఆపి మళ్లీ తీయాలి. మింగే స్టెరాయిడ్‌ని మాత్రం సొంతంగా ఎప్పుడూ ఆపొద్దు. ఇంకోటి, మీ ముక్క మైనపు దిమ్మలో భద్రంగా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని వేరే పాథాలజిస్టుకి చూపించొచ్చు, మళ్లీ కోయక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు కష్టమైన విషయం. చర్మంలోంచి దారాలు వస్తున్నాయి, పురుగులు పాకుతున్నాయి అని చిన్న కవరులో తెచ్చి చూపిస్తారు. డాక్టరు కవరు తెరవకుండానే సైకియాట్రీకి రాసేస్తారు.

మానసిక వైద్యుడు: తెరవకుండా రాయడం వైద్యం కాదు. కవరు తేవడాన్నే జబ్బు లక్షణంగా పుస్తకాల్లో చదువుకున్నాం, మ్యాచ్‌బాక్స్ సైన్ అంటారు. కానీ నిజంగా గజ్జి ఉన్నవాళ్లూ, పక్షుల గూళ్లలోని మైట్లు అనే సూక్ష్మ పురుగులు కుట్టినవాళ్లూ తెస్తారు కదా! తెచ్చే పద్ధతి చెప్తాను. పారదర్శకమైన టేపుకి అంటించి, గాజు స్లైడు మీద వేసి, తేదీ, ఒంట్లో ఏ చోటో రాయండి. మూడో నాలుగో, అంతకంటే వద్దు. డాక్టరు మీ ఎదుటే మైక్రోస్కోపులో చూసి, మీకూ చూపించాలి.

వ్యాఖ్యాత: ఈ దారాల సమస్యకి మార్జెలాన్స్ అని పేరు కూడా వినిపిస్తోంది.

మానసిక వైద్యుడు: అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దానిమీద అధ్యయనం చేసి 2012లో ప్రచురించింది. ఉత్తర కాలిఫోర్నియాలో 115 మందిని గుర్తించి, 41 మందిని వివరంగా పరీక్షించారు. పరాన్నజీవులు గానీ అంటువ్యాధి గానీ బయటపడలేదు. దారాలు ఎక్కువగా సెల్యులోజ్, అంటే నూలు గుడ్డ పీచులాంటివి. అలాగని ఆ మనుషుల బాధ అబద్ధమని ఆ అధ్యయనం అనలేదు, వాళ్ల జీవితం బాగా దెబ్బతిన్నదనే చెప్పింది. పుండు నుంచి కారే రసం జిగటగా ఉంటుంది, ఆరేలోపు బట్టల పీచు అతుక్కుంటుంది. దాన్ని పిన్నుతో లాగితే పుండు ఇంకా లోతవుతుంది, మళ్లీ పీచు.

చర్మవైద్యురాలు: దానికి మంచి పరీక్ష, పుండుకి వాజలీన్ రాసి, అంటుకోని డ్రెస్సింగుతో మూసేయడం. మార్చేటప్పుడు తప్ప తెరవకుండా రెండు వారాలు. మూసినవి మానుతూ, తెరిచి ఉంచినవి మానకపోతే ఆ పుండుని మాననివ్వనిది పైనుంచి తగిలే చెయ్యి అని తేలుతుంది. దురద ఎందుకొస్తోందన్నది వేరే ప్రశ్న. పురుగుమందు, బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఒంటికి రాయొద్దు, ఆ కాలిన గాయాలే అసలు జబ్బుని కప్పేస్తాయి.

మానసిక వైద్యుడు: పాకుతున్నట్టు ఉండటానికి శరీర కారణాలు ముందు చూడాలి. బి12 లోపం, థైరాయిడ్, షుగర్ వల్ల నరాల దెబ్బ, మద్యం ఒక్కసారిగా మానడం, పార్కిన్సన్స్ మందులు, ఏకాగ్రత కోసం వాడే ఉత్తేజక మందులు. ఇవన్నీ చూశాకే నా వంతు. అప్పుడు కూడా రిస్పెరిడోన్ లాంటిది తక్కువ మోతాదులో ఇస్తే పేరు దాచకూడదు. ‘దురద మాత్ర’ అని ఇస్తే ఇంటికెళ్లి ఫోన్లో చూస్తారు, ఇక ఆ డాక్టరు మొహం చూడరు. ‘ఇది మనోవ్యాధులకు కూడా వాడే మందు, మెదడుకి చేరే ఈ సంకేతాన్ని తగ్గిస్తుంది’ అని చెప్తే చాలామంది ఒప్పుకుంటారు.

వ్యాఖ్యాత: పేరు తేలేదాకా రోజులు గడవాలి కదా. రాత్రి నిద్ర ఉండదు.

చర్మవైద్యురాలు: చర్మం పొడిబారి ఉంటే మాయిశ్చరైజర్ అందరూ వాడేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఒళ్లంతా అయితే పెద్దవాళ్లకి వారానికి 250 నుంచి 500 గ్రాములు. స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. స్టెరాయిడ్ రాస్తే కొలత, చూపుడువేలు చివరి గీత నుంచి కొస దాకా పిండిన గీత: అర గ్రాము. అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. గోళ్లు కత్తిరించుకోండి. రోజూ పడుకునే ముందు, గడిచిన 24 గంటల్లో దురద ఎంత ఎక్కువైందో 0 నుంచి 10లో ఒక అంకె రాయండి. ‘చాలా దురద’ అంటే ఎవరూ పట్టించుకోరు, ‘నాలుగు వారాలుగా 8, ఈ మందు మూడు వారాలు వాడాక 7’ అంటే డాక్టరు పెన్ను తీస్తాడు.

మానసిక వైద్యుడు: జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు ఉంటే అదే మొదటి వాక్యంగా చెప్పాలి. నోట్లో పుళ్లు, ఒళ్లంతా చర్మం ఊడటం, పెదవులు నాలుక వాచి ఊపిరాడకపోవడం అయితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వ్యాఖ్యాత: చివరిగా ఒక ప్రేక్షకురాలి ప్రశ్న. ‘గజ్జి అని పెర్మెత్రిన్ రెండుసార్లు రాశాను. దురద పోలేదు. ఇక మందు పనైపోయింది, మిగిలింది మీ భ్రమ అంటున్నారు.’

చర్మవైద్యురాలు: నేను అడిగేవి వరసగా చెప్తాను. 5 శాతం క్రీమేనా? మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, పిరుదుల మధ్య కూడా రాశారా? పెద్దవాళ్లకి ఒకసారికి దాదాపు 30 గ్రాములు పడుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచారా, మధ్యలో చేతులు కడుక్కుంటే మళ్లీ చేతులకు రాశారా? రెండో విడత వారం నుంచి రెండు వారాల్లోపు పడిందా? ఇంట్లో అందరూ, దురద లేనివాళ్లు కూడా, అదే రాత్రి రాసుకున్నారా? మొదటిసారి సోకినవాళ్లకి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే రాదు, వాళ్ల నుంచే మళ్లీ అంటుకుంటుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. ఇవన్నీ సరిగ్గా చేసినా, పురుగు చచ్చాక రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండటం సహజం. దానికి మళ్లీ మళ్లీ పెర్మెత్రిన్ రాస్తే చర్మం మండి ఇంకా దురదపెడుతుంది. నాలుగు వారాలు దాటాక కొత్త పొక్కులు వస్తుంటే వేళ్ల సందుల్లో డెర్మోస్కోపుతో, అంటే చర్మాన్ని పెద్దగా చూపే పరికరంతో, చూడమని అడగండి. పురుగు ఉంటే ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది.