రేణిగుంట టు రాజమండ్రి: గాల్లో దూరమెంత, టైమెంత? షీట్‌లో లెక్క

నమస్కారం అందరికీ. తిరుపతి విమానాశ్రయం, అంటే మన రేణిగుంట, అక్కడి నుంచి రాజమండ్రి మధురపూడికి గాల్లో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది, షీట్‌లో కట్టేద్దాం. మ్యాప్‌లో కుడి క్లిక్ కొట్టి దూరం కొలవచ్చు కదా అంటారా, కొలవచ్చు, ఒక్క జతకైతే అదే సులువు. పది ఊర్లకు కావాలంటే షీటే.

కొత్త షీట్ తెరిచారా? ఇదిగో, ఊరు, అక్షాంశం, రేఖాంశం, మూడు కాలమ్‌లు. కోడ్ కూడా రాసుకోండి. తిరుపతికి టీఐఆర్, రాజమండ్రికి ఆర్‌జేఏ. టీఆర్‌వీ కొట్టారంటే తిరువనంతపురం పోతారు, చూసుకోండి.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. తప్పంతా ఇక్కడే జరిగేది. రేణిగుంట అక్షాంశం ఎట్లా ఇస్తారంటే, 13 డిగ్రీల 37 నిమిషాల 57 సెకన్లు. దీన్ని 13.3757 అని కొట్టేస్తారు చాలామంది. కాదండీ! అవి నిమిషాలు. 37ని 60తో భాగించాలి, 57ని 3600తో భాగించాలి, రెండూ 13కి కలపాలి. చూస్తా ఉండండి... 13.6325. రేఖాంశం 79 డిగ్రీల 32 నిమిషాల 36 సెకన్లు, అది 79.5433. ఊరికే చుక్క పెట్టి కొడితే మన ఎయిర్‌పోర్టు కార్వేటినగరం అవతలికి జరిగిపోతుంది. రాజమండ్రిని కూడా అట్లే కొడితే దూరం 471 వస్తుంది. చూసేదానికి నమ్మేటట్టే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుకోరు.

రాజమండ్రి 17.1103, 81.8183. సరే.

ఫార్ములా స్క్రీన్ మీద ఉంది, దించుకోండి. హావర్‌సైన్ అంటారు, గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య దూరం కట్టే లెక్క. భూమి వ్యాసార్థం 6371. ప్రతి కోణానికీ ముందు రేడియన్స్ ఫంక్షన్ పెట్టాలి, అది డిగ్రీలను రేడియన్లు అనే కొలతలోకి మారుస్తుంది, షీట్‌కు డిగ్రీల్లో సైన్ కట్టడం రాదు. ఎంటర్. 457 కిలోమీటర్లు. భూమి అచ్చం బంతి అనుకుని కట్టాం కాబట్టి ఒకటో రెండో అటూ ఇటూ. 1.852తో భాగిస్తే 247 నాటికల్ మైళ్లు.

ఇంక టైము. ఏటీఆర్ 72, ఫ్యాన్ల విమానం, గంటకు 510 అనుకోండి. 457 బై 510, 0.896. ఇది 89 నిమిషాలు కాదు, గంటలో భాగం. 60తో గుణించండి, 54 నిమిషాలు.

టికెట్ మీద 54 అని వేయరు. ఎక్కడానికి, దిగడానికి నెమ్మదిస్తుంది, రేణిగుంటలో పడమరకు లేస్తే మళ్లీ ఈశాన్యానికి తిప్పుకోవాలి. దానికి 15 కలుపుతా. రన్‌వేకి పోయేదానికి, దిగినాక స్టాండ్‌కు వచ్చేదానికి ఇంకో 10. మొత్తం 79, అంటే గంటా ఇరవై. ఎదురుగాలి 60 ఉంటే 510 తీసి 450 కొట్టండి, 54 కాస్తా 61 అవుతుంది. ఈ వేగాన్ని ఫార్ములా లోపల రాయకండి, వేరే సెల్‌లో పెట్టుకోండి. మార్చినప్పుడల్లా ఫార్ములా తెరిచే పని ఉండదు.

జెట్ అయితే? 830 కొడదాం. 33 వచ్చింది. సగానికి సగం తగ్గుతుందనుకోకండి, పైన కలిపే 25 అట్లే ఉంటుంది, 58 అవుతుంది. అదే హైదరాబాద్ మీదుగా పోతే గాల్లో దూరమే 779, మధ్యలో కూర్చునే టైము వేరే.