"ఎప్పటి నుంచి?": వృద్ధుల మతి తడబాటును నర్సు పట్టుకునేదెలా

(తెర మీద: మంచం పక్కన బల్ల, దాని మీద మూత తియ్యని భోజనం ట్రే)

నమస్తే. ఈ ట్రే చూడండి. మధ్యాహ్నం పెట్టింది, సాయంత్రం నేను డ్యూటీకి వచ్చేసరికి అలాగే ఉంది. మంచం మీద 78 ఏళ్ల పెద్దావిడ. తుంటి ఎముక ఆపరేషన్ అయి రెండో రోజు. పిలిస్తే కళ్లు తెరుస్తుంది, పేరడిగితే చెబుతుంది, మళ్లీ కళ్లు మూసుకుంటుంది. హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు, ముందు నర్సు నాకు చెప్పిన మాట, "ఆవిడతో ఏ ఇబ్బందీ లేదు, పడుకునే ఉంటుంది." కేస్ షీట్‌లో ఓరియెంటెడ్, అంటే తానెవరో, ఎక్కడున్నదో తెలుస్తోంది, అని రాసి ఉంది. నేనూ నమ్మేశాను.

రాత్రి తొమ్మిదింటికి కూతురొచ్చింది. "సిస్టర్, మా అమ్మ ఇలా ఉండదండీ. నిన్న పొద్దున నాకు ఫోన్ చేసి తాళం సరిగ్గా వేశావా అని రెండుసార్లు అడిగింది" అంది. అప్పుడు దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టాను. గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలింది. పొద్దున క్యాథెటర్ (యూరిన్ గొట్టం) తీసేశారు. ఆ తర్వాత యూరిన్ ఔట్‌పుట్ గడులన్నీ ఖాళీ. డాక్టర్‌గారికి చెప్పి మళ్లీ క్యాథెటర్ వేస్తే 800 మిల్లీలీటర్లు వచ్చింది. మర్నాడు సాయంత్రానికి ఆవిడ తన కళ్లజోడు ఎక్కడుందో తనే అడిగింది.

అది డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే మతి తడబాటు. ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "ఎప్పటి నుంచి?" ఈ వీడియో అంతా దాని చుట్టూనే.

(తెర మీద: "సంధి ప్రేలాపన")

మన పెద్దవాళ్లు దీన్ని సంధి ప్రేలాపన అనేవాళ్లు. మాట బాగుంది కానీ, అందులో ఒక చిక్కు ఉంది. ప్రేలాపన అనగానే అరుపులు, సెలైన్ పీకేయడం, మంచం దిగి పరిగెత్తడం గుర్తొస్తాయి. అలాంటి పేషెంటును వార్డంతా గమనిస్తుంది. నోరు మెదపకుండా, మగతగా, ముద్ద మింగకుండా పడుకునే పేషెంటుకు కూడా డెలీరియం ఉండొచ్చు. దాన్ని హైపోయాక్టివ్ డెలీరియం అంటారు. వృద్ధుల్లో ఈ రకం చాలా మామూలు, మనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. కాబట్టి దయచేసి, "నిమ్మళంగా ఉన్నారు" అని రాసేముందు ఒక్కసారి లేపి మాట్లాడండి.

డిమెన్షియా, అంటే మతిమరుపు రోగం, వేరు. అది నెలలు, ఏళ్ల మీద మెల్లగా కమ్ముకుంటుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది. పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. డిమెన్షియా ఉన్నవాళ్లకు డెలీరియం ఇంకా తేలిగ్గా వస్తుంది కూడా. అందుకే "ఆయనకు ముందునుంచీ మతిమరుపేగా" అన్న మాట ప్రమాదకరం. ముందునుంచీ ఉన్న మతిమరుపు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఇంత మారదు. మారిందంటే కొత్తగా ఏదో జరిగినట్టే.

(తెర మీద: నర్సు కుర్చీ లాక్కుని పేషెంటు ఎదురుగా, కళ్లకు సమానంగా కూర్చుంటుంది)

పరీక్ష మొదలుపెట్టే ముందు కళ్లజోడు పెట్టించండి. వినికిడి యంత్రం చెవిలో ఉందా, బ్యాటరీ పనిచేస్తోందా చూడండి. కట్టుడు పళ్లు పెట్టించండి. టీవీ కట్టేయండి. ప్రశ్న వినబడక జవాబు చెప్పని మనిషికి మతి తప్పిందని రాయడం అన్యాయం.

పేరు, ఊరు, తేదీ అడిగి ఆపేయకండి. పేరు చాలామంది చివరిదాకా చెప్పగలరు. డెలీరియంలో ముందు దెబ్బతినేది ధ్యాస. దాన్ని పట్టుకోవాలంటే, "అమ్మా, ఆదివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పండి" అనండి. శనివారం, శుక్రవారం... అక్కడ ఆగి, కిటికీ వైపు చూసి, మళ్లీ ఆదివారం, సోమవారం అని ముందుకు వెళ్లిపోతే, ఆ తప్పు కన్నా ఆ జారిపోవడాన్ని గమనించండి. దారం చేతిలోంచి జారినట్టు ఉంటుంది. బడికి వెళ్లనివాళ్లు కూడా వారాలు చెప్పగలరు, అందుకే నాకు ఈ పరీక్ష ఇష్టం.

దీన్ని పద్ధతిగా చూసే సాధనం క్యామ్ (కన్ఫ్యూజన్ అసెస్‌మెంట్ మెథడ్). 1990లో వచ్చింది. అందులో నాలుగు అంశాలు. హఠాత్తుగా మొదలై, హెచ్చుతగ్గులు కావడం ఒకటి. ధ్యాస నిలవకపోవడం రెండోది. ఈ రెండూ తప్పకుండా ఉండాలి. వాటికి తోడు మాటల్లో పొంతన లేకపోవడమో, మెలకువ స్థాయి మారడమో, ఏదో ఒకటి ఉంటే డెలీరియం అని అనుమానించాలి. మొదటి అంశానికి జవాబు పేషెంటు దగ్గర దొరకదు. అది ఇంట్లోవాళ్లకే తెలుసు.

తేలితే కారణం వెతకాలి. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీళ్లు చాలకపోవడం, మలబద్ధకం, యూరిన్ నిలిచిపోవడం, తగ్గని నొప్పి, రోజూ తాగేవాళ్లకు హఠాత్తుగా మద్యం ఆగిపోవడం. తర్వాత మందుల చార్ట్ తీయండి. కొత్తగా మొదలైన నిద్రమాత్ర, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి అలర్జీ మందు, నొప్పికిచ్చే మార్ఫిన్ జాతి మందు కనిపిస్తే డాక్టర్‌గారికి పేరుతో సహా చెప్పండి. ఈమధ్య పడ్డారా అని కూడా అడగండి. తలకు చిన్న దెబ్బే అయినా, కొన్ని వారాలకు మెదడు పైపొరల కింద రక్తం చేరి మతి తడబడొచ్చు.

(తెర మీద: కాగితం మీద వంకర గడియారం, అంకెలన్నీ ఒక పక్కకే)

ఇక డిమెన్షియా అనుమానం. మినీ-కాగ్ అనే చిన్న జ్ఞాపకశక్తి పరీక్షకు మూడు నిమిషాలు చాలు. మూడు మాటలు చెప్పి, గడియారం గీయించి, ముళ్లు పదకొండు గంటల పది నిమిషాలకు పెట్టమని, ఆ మూడు మాటలూ మళ్లీ అడుగుతారు. మాటలకు 3, గడియారానికి 2 మార్కులు. 3 కన్నా తక్కువొస్తే మరింత పరీక్ష అవసరం. ఇలాంటివే ఇంకా పెద్ద పరీక్షలు రెండున్నాయి. ఎమ్మెమ్మెస్ఈ 1975 నాటిది, మోకా 2005లో ప్రచురితమైంది, రెండూ 30 మార్కులకే. మోకాలో 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. నన్నడిగితే, ఎన్నడూ పెన్ను పట్టని చేతికి గడియారం గీయమని కాగితమిచ్చి, వచ్చిన అంకెను రోగంగా రాయడం మహా తప్పు. ఈ స్కోర్లు ఏవీ రోగనిర్ధారణ కావు. డెలీరియం మధ్యలో ఉండగా వీటిని చేసి డిమెన్షియా అని ముద్ర వేయకూడదు.

స్కోరు చెప్పనిది కళ్లు చెబుతాయి. "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగితే పెద్దాయన జవాబు కోసం భార్య వైపు తల తిప్పుతాడు. లేదా నవ్వేసి, "రోజూ తినేదేగా" అని దాటేస్తాడు. డిమెన్షియాలో మనిషి లోటును ఇలా కప్పుకుంటాడు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు చాలాసార్లు ప్రయత్నమే చేయరు. "తెలీదమ్మా, నాకేం గుర్తుండట్లేదు" అని నేలచూపులు చూస్తారు. అలాంటప్పుడు వృద్ధుల్లో డిప్రెషన్‌ను చూసే 15 ప్రశ్నల జీడీఎస్ వాడండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు.

ఇంట్లోవాళ్లను "మతిమరుపు ఉందా?" అని అడిగితే లాభం లేదు. "వయసు కదండీ" అంటారు. పనుల గురించి అడగండి. డబ్బు లెక్క ఇప్పుడెవరు చూస్తున్నారు? మందులు తనే వేసుకుంటారా? తెలిసిన దారిలో తప్పిపోయారా? స్నానం, బట్టలు తనే చూసుకుంటారా? ఇవి ఎప్పుడు మొదలయ్యాయి? ఇంకొకటి, లేని పిల్లలో, జంతువులో గదిలో కనిపిస్తున్నాయని చెబితే కొట్టిపారేయకండి. లూయీ బాడీ డిమెన్షియా అనే రకంలో అలా జరుగుతుంది. ఆ రోగులకు, భ్రమలు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు ప్రాణం మీదకు తేవచ్చు. మీరు రాసిన ఆ ఒక్క ముక్క డాక్టర్‌గారి చెయ్యి ఆపొచ్చు.

మాట పోయిన దశలో నొప్పిని అడగలేం, చూడాలి. డిమెన్షియా రోగుల నొప్పిని కొలిచే పెయినాడ్‌లో శ్వాస, మూలుగు, ముఖకవళికలు, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటారా అన్నవి ఐదూ చూసి, మొత్తం 10కి మార్కులిస్తారు. పక్క మార్చేటప్పుడు చూడండి, ఊరికే పడుకున్నప్పుడు నొప్పి బయటపడకపోవచ్చు.

(తెర మీద: నర్సెస్ నోట్స్, పెన్ను పట్టిన చెయ్యి)

రాసేటప్పుడు "కన్ఫ్యూజ్డ్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. ఆ పెద్దావిడ గురించి ఆ రాత్రి నేను రాసింది ఇది:

"రాత్రి 9.20. పిలిస్తే కళ్లు తెరుస్తుంది, పది సెకన్లలో మళ్లీ మగత. పేరు చెప్పింది. వారాలు వెనక్కి చెప్పమంటే రెండు చెప్పి ఆగింది. నిన్న పొద్దున మామూలుగానే మాట్లాడిందని కూతురు చెప్పింది. పొద్దున్నుంచి యూరిన్ రాలేదు, పొత్తికడుపు ఉబ్బుగా ఉంది. డ్యూటీ డాక్టర్‌కు 9.25కి తెలియజేశాను."