రెండు మూడేళ్ల పిల్లలకి టీవీలో ఏం పెట్టాలి? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ల కోసం

నమస్కారమండీ. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... ఒడిశాలో తెలుగు మాట్లాడుకునే ఇళ్లన్నిట్లోనూ ఇదే చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కేబుల్‌లో పిల్లల చానెళ్లు ఎక్కువగా హిందీ, ఫోన్‌లో రైమ్స్ ఇంగ్లీషు. ఏ భాషలో పెడితే ఆ భాష వచ్చేస్తుందనుకుని చాలామంది ఏదో ఒకటి పెట్టేస్తారు. రాదండీ. ఈ వయసులో పిల్లలకి మాటలు వచ్చేది ముఖ్యంగా పక్కన కూర్చున్న మనిషి నుంచి. కాబట్టి మీకు మధ్యమధ్యలో మాట్లాడే సందు ఇచ్చేదే మంచి షో. ఆ సందు ఉందో లేదో కనిపెట్టడం ఎలాగో ఇవాళ చూద్దాం.

ముందు వయసు సంగతి. రెండేళ్లలోపు తెర వద్దని, వీడియో కాల్ ఒక్కటీ పర్వాలేదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకి గంట దాటకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ దాదాపు ఇదే. అంటే పార్వతీపురంలో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో కబుర్లు ఏడాది పిల్లకైనా మంచివే. అక్కడ ఎదుటి మనిషి జవాబిస్తుంది కదా.

ఇప్పుడు షో వేగం. పిల్లకి చూపించే ముందు మీరొక్కరే కూర్చుని కొలవండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, షో మధ్యలోంచి ఒక్క నిమిషం తీసుకుని, తెర మీద బొమ్మ తెగి ఇంకో బొమ్మ వచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. గీతలు 15 దాటితే పక్కన పెట్టేయండి. ఇది డాక్టర్లు పెట్టిన హద్దు కాదు, ఇంట్లో కొలుచుకోవడానికి మేము పెట్టుకున్నది. గంటసేపు గుదిగుచ్చిన రైమ్స్ వీడియోలు చాలావరకు ఈ పరీక్షలోనే పోతాయి. రెండు మూడు సెకన్లకో బొమ్మ మారిపోతుంటే పిల్ల కళ్లార్పకుండా చూస్తుంది, మనమేమో శ్రద్ధగా చూస్తోందనుకుంటాం. కదలిక మారినప్పుడల్లా చూపు అటే లాగుతుంది, అంతే. అర్థమైందా లేదా అన్నది వేరే సంగతి.

వేగం గురించి 2011లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి సగటున 11 సెకన్లకో దృశ్యం మారిపోయే కార్టూన్, ఇంకో జట్టుకి 34 సెకన్లకో దృశ్యం మారే నెమ్మది కార్టూన్, మూడో జట్టుకి రంగులు, కాగితాలు. ఇక్కడ దృశ్యం మారడమంటే తెర మీద అంతా పూర్తిగా మారిపోవడం, పైన మనం గీతలు గీసిన బొమ్మ తెగడం కాదు. తొమ్మిదే తొమ్మిది నిమిషాలు. ఆ వెంటనే పెట్టిన పరీక్షల్లో, అంటే ఓపిక పట్టడం, చెప్పింది గుర్తుంచుకుని చేయడం లాంటి వాటిలో, వేగం కార్టూన్ చూసిన జట్టు వెనకబడింది. ఆ ప్రభావం ఎంతసేపు ఉంటుందో ఆ ప్రయోగం కొలవలేదు. కానీ టీవీ కట్టేసిన వెంటనే "చెప్పిన మాట వినట్లేదు" అని మనం పిల్లని కసురుకునేది సరిగ్గా ఆ సమయంలోనే.

రెండో పరీక్ష చెవులతో. తెరకి వీపు పెట్టి కూర్చుని వినండి. ఎవరైనా ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగుతున్నారా? 1996లో మొదలైన అమెరికా పిల్లల షో బ్లూస్ క్లూస్‌లో కుర్రాడు ప్రశ్న వేసి, తెర అవతలి పిల్లలు చెప్పేదాకా ఆగి చూస్తాడు. ఆ ఆగడం కావాలని పెట్టిందే. పాట, అరుపు, డమడమలు సందు లేకుండా వినిపిస్తుంటే మీ మాటకి అందులో చోటు లేనట్టే.

మూడోది మన ఇళ్లకి అన్నిటికన్నా పనికొచ్చేది. మ్యూట్ చేసి చూడండి. శబ్దం లేకుండా కథ అర్థమైతే, ఆ కథని మీరే తెలుగులో చెప్పొచ్చు. అసలు మాటలే లేని షోలు అయితే మరీ సులువు. పింగు అని బంకమట్టి పెంగ్విన్ కథలున్నాయి, ఒక్కోటి ఐదు నిమిషాలు, వాళ్లు మాట్లాడేది ఏ దేశం భాషా కాదు. టిమ్మీ టైమ్ 2009లో వచ్చింది. గొర్రెపిల్ల బడి కథ, పాత్రలు అరుపులతోనే అన్నీ చెప్పుకుంటాయి, ఎపిసోడ్ పది నిమిషాలు. హైదరాబాద్‌లోని కార్టూన్ల సంస్థ గ్రీన్ గోల్డ్ వాళ్లు చేసిన మైటీ లిటిల్ భీమ్‌లో కూడా మాటలు దాదాపు ఉండవు. ఊరు, గుడి, లడ్డూలు, అన్నీ మన పిల్లలకి తెలిసినవే. కానీ పరుగులు, పడిపోవడాలు ఎక్కువ. మూడేళ్లు నిండాక పెట్టడం మంచిదని మా అభిప్రాయం.

కథ చెప్పడమంటే క్రికెట్ కామెంటరీ లాగా ఆపకుండా చెప్పడం కాదండీ. ఐదు నిమిషాల ఎపిసోడ్‌కి మూడు నాలుగు మాటలు చాలు. "అదిగో, చేప జారిపోయింది! ఇప్పుడెలా?" అని మనసులో ఐదు లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి. పిల్ల ఏదో ఒకటి అంటుంది, వేలు చూపించినా అది జవాబే. "ఇదేం రంగు, అదెన్ని" అని వరసగా అడిగితే మాత్రం విసుగొచ్చి లేచిపోతుంది. సాయంత్రం బజారులో చేపలు కనిపించినప్పుడు "పింగు చేప ఏమైందమ్మా?" అని అడగండి. చూసింది గుర్తుండేది అప్పుడు. కోడలిది ఒడియా ఇల్లయితే ఆవిడ ఒడియాలో చెప్పనివ్వండి, తాతయ్య తెలుగులో చెబుతారు. పక్కన కూర్చున్నవాళ్లకి బాగా వచ్చిన భాషే మంచిది.

తెలుగు గొంతే కావాలంటే పిల్లల చానెల్ ఈటీవీ బాల భారత్ తెలుగులోనూ ఒడియాలోనూ వస్తుంది. తెలుగు పిల్లల చానెల్ కుషి టీవీ కూడా ఉంది. మీ ప్యాక్‌లో లేకపోతే, చానెల్‌ని విడిగా తీసుకునే వీలు టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు 2019 నుంచే ఇచ్చాయి, ఆపరేటర్ని అడగండి. కొన్ని చానెళ్లకి రిమోట్‌లో లాంగ్వేజ్ బటన్ నొక్కితే తెలుగు ఆడియో వస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ చానెళ్లలో చాలా కార్టూన్లు బడికెళ్లే పిల్లలవి. తెలుగులో ఉన్నంత మాత్రాన కొట్లాటల కార్టూన్ రెండేళ్ల పిల్లది అయిపోదు.

ఫోన్ నుంచి పెట్టేవాళ్లు యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో కింద మూలనున్న తాళం గుర్తు నొక్కండి. లెక్క అడుగుతుంది, చెప్పి లోపలికెళ్లి, పిల్ల ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో మీరు ఒప్పుకున్నవి మాత్రమే కనిపించే పద్ధతి ఎంచుకోండి. అప్పుడు వెతికే సదుపాయం కూడా పోతుంది. టైమర్ కూడా ఆ తాళం వెనకే ఉంటుంది. ఆటోప్లే, అంటే ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేది, తప్పకుండా ఆపండి.

ఆటోప్లే మీద ఇంత పట్టుదల ఎందుకంటే, గొడవంతా కట్టేసే దగ్గరే. "ఇంకో రెండు నిమిషాలే" అని ముందే చెబితే పిల్లలు సర్దుకుంటారని అనుకుంటాం. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు చిన్నపిల్లల ఇళ్లలో గమనిస్తే, ఆ హెచ్చరిక ఇచ్చినప్పుడు పేచీ పెరిగింది. ఎపిసోడ్ దానంతటది అయిపోయినప్పుడు, లేదా రోజూ అదే వేళకి ఆగడం అలవాటైనప్పుడు తేలిగ్గా లేచారు. కాబట్టి నిమిషాలతో కాకుండా ఎపిసోడ్లతో లెక్క పెట్టుకోండి. "రెండు పింగులు, తర్వాత స్నానం." రిమోట్ బటన్ పిల్ల చేతే నొక్కించండి.

అన్నం పెట్టేటప్పుడు మాత్రం అసలు వద్దు. కడుపు నిండింది తెలియకుండా మింగుతుంది, వారం తిరిగేసరికి టీవీ లేకపోతే నోరు తెరవదు. నిద్రకి గంట ముందు కూడా కట్టేయండి. నాయనమ్మ సీరియల్ వేళ పిల్లని అదే గదిలో ఆడుకోనివ్వకండి. పెద్దవాళ్ల కార్యక్రమం వెనక నడుస్తుంటే పిల్లలు బొమ్మలతో ఆడే సేపు తగ్గిపోతుందని, తెర వంక పెద్దగా చూడకపోయినా తగ్గుతుందని 2008లో ఒక పరిశీలనలో తేలింది.

చూసిందే మళ్లీ అడుగుతోందని కంగారు పడకండి. బ్లూస్ క్లూస్ వాళ్లు ఒకే ఎపిసోడ్‌ని వారంలో వరసగా ఐదు రోజులు వేసేవారు, చూసేకొద్దీ పిల్లలు ఎక్కువగా జవాబులు చెప్పేవారు. ఇంట్లో రెండు షోలు, ఒక్కోదాంట్లో నాలుగైదు ఎపిసోడ్లు ఉంటే చాలు. మీరు నోరు తెరవకముందే "చేప జారిపోతుంది" అని పిల్లే చెప్పేస్తుంటే అప్పుడు కొత్తది కలపండి.