తాళం సర్కారుది, పీపా షావుకారుది

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, బల్ల మీదున్న ఈ సీసా ఖాళీది. వెనక వరసలో నవ్వుకుంటున్నవాళ్లు ఆశలు వదిలేసుకోవచ్చు. ఇవాళ నేను మాట్లాడేది మందు గురించి తక్కువ, పన్ను గురించి ఎక్కువ.

ఇది ఎవాన్ విలియమ్స్ అనే బర్బన్, అంటే అమెరికా విస్కీ, తెల్ల లేబుల్‌ది. లేబుల్ మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని ఉంటుంది. కాస్త కళ్లజోడు సవరించుకుని చూస్తే చిన్నక్షరాల్లో ఇంకో సంగతి కనిపిస్తుంది: కాచింది డీఎస్పీ-కేవై-1లో, సీసాల్లో నింపింది డీఎస్పీ-కేవై-31లో. డీఎస్పీ అంటే మనకి జీపు దిగే పోలీసాయనో, పాటలు కట్టే దేవిశ్రీప్రసాదో గుర్తొస్తారు గానీ ఇక్కడ మాత్రం డిస్టిల్డ్ స్పిరిట్స్ ప్లాంట్, కేవై అంటే అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. 1వ నంబరు లూయీవిల్‌లో, 31వ నంబరు బార్డ్స్‌టౌన్‌లో. రెండు ఊళ్లెందుకంటే, 1996 నవంబరులో బార్డ్స్‌టౌన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఈ బర్బన్ తయారుచేసే హెవెన్ హిల్ కంపెనీ డిస్టిలరీ, ఏడు గోదాములు, సుమారు 90 వేల పీపాలు కాలిపోయాయి. తర్వాత వాళ్లు లూయీవిల్‌లో ఇంకో డిస్టిలరీ కొనుక్కుని అక్కడ కాయడం మొదలుపెట్టారు, సీసాలు మాత్రం పాత ఊళ్లోనే నింపారు. ఆ రెండు నంబర్ల మధ్య ఉన్నది ఈ కథే. బ్రాండుకి నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో, ఎక్కడ కాచావో మాత్రం దాచకూడదు అని ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ చట్టం షరతు.

ఇంతకీ బాండ్ అంటే ఏమిటి? సర్కారుకి రాసిచ్చిన హామీ పత్రం, అంతే. ‘సరుకు నాది, పన్ను మీది, ఇప్పుడు కట్టలేను, గోదాములోంచి బయటికి తీసిన రోజు కడతాను’ అని.

దీని వెనక అమెరికా అంతర్యుద్ధం ఉంది. యుద్ధం ఖర్చుల కోసం 1862లో లింకన్ ప్రభుత్వం గ్యాలన్‌కి 20 సెంట్లు పన్ను వేసింది. 1865కల్లా అది 2 డాలర్లు అయ్యింది. సరుకు ఖరీదు కన్నా పన్నే ఎక్కువైతే ఏం జరుగుతుందో మన నాటుసారా ఊళ్లలో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దొంగబట్టీలు లేచాయి. 1868లో 50 సెంట్లకి దించారు గానీ అప్పటికే అలవాటు పడిపోయారు. 1875లో బయటపడిన ‘విస్కీ రింగ్’ అయితే కంచే చేను మేసిన కథ: పన్ను వసూలు చేయాల్సిన అధికారులే సెయింట్ లూయిస్‌లో డిస్టిలరీలవాళ్లతో చేతులు కలిపి, వచ్చింది పంచుకున్నారు. 110 మంది మీద నేరం రుజువైంది. అధ్యక్షుడు గ్రాంట్ సొంత కార్యదర్శి బాబ్‌కాక్ కూడా బోనెక్కి, నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇక నిజాయితీగా వ్యాపారం చేసేవాడి బాధ వేరు. విస్కీ పీపాలో ఏళ్ల తరబడి ఊరాలి, పన్ను గడువు మాత్రం ఆగదు. 1868లో ఆ గడువు ఒక్క ఏడాది. 1870ల చివరికి మూడేళ్లు చేశారు. గడువు ముగిసిందా, సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా డబ్బు కట్టాల్సిందే. అప్పుడు కొందరు ఏం చేశారో తెలుసా, పీపాల్ని ఓడలెక్కించి జర్మనీలోని బ్రెమెన్‌కి, హాంబుర్గ్‌కి, ఇటు బెర్ముడాకి పంపించేశారు. ఎగుమతి సరుక్కి ఆ పన్ను లేదు కదా! అక్కడి గోదాముల్లో కూర్చోబెట్టి, ధర బాగున్నప్పుడు వెనక్కి తెప్పించుకోవడం. అటూ ఇటూ ఓడ కిరాయి పెట్టుకున్నా గిట్టుబాటయ్యిందంటే ఆ పన్ను ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించుకోండి. చివరికి 1894లో గడువు ఎనిమిదేళ్లకి పెంచి, రేటు 1.10 డాలర్లు చేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పీపా చెక్కది, అందులోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. దేవదూతలు తాగినదానికి నేనెందుకు కట్టాలి అని షావుకార్లు గోల పెడితే, 1880లో కెంటకీకే చెందిన కాంగ్రెస్ సభ్యుడు జాన్ కార్లైల్ ఒక లెక్క తెచ్చాడు: ఇన్ని నెలలకి ఇంత తరుగు ఒప్పుకుంటాం, అంతకు మించి పోతే నీ ఖర్మ.

ఈ కార్లైలే తర్వాత ఆర్థిక మంత్రి అయ్యాడు. అప్పటికి మార్కెట్లో ఉన్న విస్కీలో చాలాభాగం, ఘాటు స్పిరిట్‌లో రంగూ, పండ్లరసం, నానా చెత్తా కలిపి అమ్మిందే. డిస్టిలరీ యజమాని కర్నల్ ఇ.హెచ్. టేలర్ దీని మీద యుద్ధం ప్రకటించాడు, కార్లైల్ అండ దొరికింది, 1897 మార్చి 3న ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో (జనవరి నుంచి జూన్ ఒకటి, జూలై నుంచి డిసెంబరు ఇంకొకటి) కాచి, సర్కారు కాపలా ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, సరిగ్గా 100 ప్రూఫ్ దగ్గర, అంటే 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలో నింపాలి. నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదు.

నాకు ఇందులో ఇష్టమైన వస్తువు ఆ గోదాము తలుపు. దానికి రెండు తాళాలు. ఒకటి యజమానిది, ఇంకోటి సర్కారు మనిషిది. ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది. సొంత సరుకు చూసుకోవడానికి కూడా షావుకారు ఆ సర్కారు గుమాస్తా కోసం ఎదురుచూడాలి! ఆ గుమాస్తాని తాగేవాడి ఆరోగ్యం కోసం పెట్టలేదండీ, ఖజానా కోసం పెట్టారు. కానీ పన్ను కోసం ప్రతి గ్యాలనూ కొలిచేవాడు అక్కడుంటే కల్తీ చేయడం కష్టం కాబట్టి, మూత మీద అంటించిన ఆకుపచ్చ స్టాంపు చూసి జనం నమ్మారు. ఆ గుమాస్తాలు 1980లో వెళ్లిపోయారు, స్టాంపు 1985లో పోయింది. ఇప్పుడంతా లెక్కల పుస్తకాలూ, తనిఖీలే.

పన్ను మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇవాళ ఫెడరల్ రేటు ప్రూఫ్ గ్యాలన్‌కి 13.50 డాలర్లు. 100 ప్రూఫ్ దగ్గర ఉన్న ఒక గ్యాలన్‌ని ప్రూఫ్ గ్యాలన్ అంటారు. లెక్కేస్తే ఈ 750 మి.లీ. సీసా మీద 2.67 డాలర్లు. మామూలు 80 ప్రూఫ్ సీసా అయితే 2.14. చిన్న తయారీదారులకి ఊరటగా ఏటా మొదటి లక్ష ప్రూఫ్ గ్యాలన్లకి 2.70 డాలర్లే. అంటే ఇదే సీసాకి 53 సెంట్లు. ఈ తగ్గింపు 2018లో తాత్కాలికంగా వచ్చింది, 2020 చివర్లో శాశ్వతం చేశారు. పన్నెండేళ్లూ పదిహేనేళ్లూ ఊరిన బర్బన్ దొరుకుతోందంటే అది కూడా పన్ను చలవే: 1958లో ఆ ఎనిమిదేళ్ల గడువుని ఇరవై చేశారు, నిల్వలు పేరుకుపోయి తల పట్టుకున్న షెన్లీ కంపెనీ యజమాని రోసెన్‌స్టీల్ పట్టుబట్టి తెచ్చుకున్న మార్పు అది.

చివరిగా ఒకటి. మన దగ్గర విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, గమనించారా? ఎవరికీ నోరు తిరగని ఆ అంకె ఎక్కడిది? బ్రిటిష్‌వాళ్ల పాత పన్ను లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం. అందులో నూటికి 75 వంతులు తీసుకుంటే 42.8. పక్కనే 75 ప్రూఫ్ అని కూడా వేస్తారు. వాళ్లు వెళ్లి ఇన్నేళ్లయినా ఆ లెక్క మన లేబుల్ మీదే ఉంది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, సీసా ఎక్కడ దొరుకుతుంది అన్నది తప్ప.