దొంగెవరో ముందే చెప్పేసిన సినిమా

అందరికీ నమస్కారం. ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకి ఇంకో నమస్కారం. మాట్లాడదామని నాలుగు కాగితాలు రాసుకొచ్చాను గానీ, ఇందాక మీరు చేసిన గోల విన్నాక అందులో మూడు జేబులోనే ఉంచేశాను.

మనం ఇప్పుడు చూసింది 'సోనార్ కెల్లా', అంటే బంగారు కోట. సత్యజిత్ రాయ్ 1974లో తీశారు. నవలా ఆయన రాసిందే, 1971లో వచ్చింది. వాళ్ళ తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో 'సందేశ్' అని పిల్లల పత్రిక పెట్టారు. సందేశ్ అంటే కబురు, అది బెంగాలీ మిఠాయి పేరు కూడా. పిల్లల పత్రికకి పేరంటే అలా ఉండాలి. మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికని రాయ్ 1961లో మళ్ళీ మొదలుపెట్టారు. మన ఇళ్ళల్లో చందమామ కోసం అన్నాచెల్లెళ్ళు కొట్టుకున్నట్టే అక్కడ సందేశ్ కోసం కొట్టుకునేవారు. ఈ డిటెక్టివ్ ఫెలూదా 1965లో పుట్టింది అందులోనే. 'దా' అంటే అన్న. ఫెలూ అన్న అన్నమాట.

ఇక మీ గోల సంగతికొద్దాం. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం కథ ఒక్క ముక్కలో: ముకుల్ అనే పిల్లాడు పూర్వజన్మలో బంగారు కోట చూశానంటాడు. డాక్టర్ హాజ్రా వాణ్ణి రాజస్థాన్ తీసుకెళ్తే, నిధి కోసం దొంగలు ఆయన్ని కొండ మీద నుంచి తోసేస్తారు, వాళ్ళలో ఒకడు ఆయన వేషం కడతాడు. ముకుల్ చెయ్యి పట్టుకుని ఆ నకిలీ డాక్టర్ హాజ్రా నడుస్తుంటే, ఇక్కడ రెండో చాప మీద నుంచి ఒక పాప లేచి నిలబడి, "ఒరేయ్, వాడితో వెళ్ళకురా, వాడు దొంగ!" అని అరిచింది. ముకుల్‌కి తెలుగు రాదు, పైగా తెరలో ఉన్నాడు. అయినా అరిచింది. ఆ వెంటనే పది మంది అందుకున్నారు. సినిమా బెంగాలీలో ఉంది, కింద అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి, మా మాస్టారు మైకులో తెలుగు చెబుతూనే ఉన్నారు. ఆ కాసేపు ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

నవల చదివితే మీరు అలా అరవలేరు. ఎందుకంటారా? నవలని చెప్పేది తోప్‌షే, ఫెలూదాకి వరసకి తమ్ముడు. 'నేను', 'మేము' అంటూ చెప్పుకుపోతాడు. తోప్‌షే చూడనిది మనమూ చూడం. అసలు డాక్టర్ని కొండ మీద నుంచి తోసేసినప్పుడు తోప్‌షే అక్కడ లేడు కాబట్టి మనమూ లేం. పిల్లాడి పక్కనున్న పెద్దమనిషి నకిలీ అని ఫెలూదా విప్పి చెప్పేదాకా పుస్తకం గుట్టు కాపాడుతుంది. చదివేవాడు చివరి పేజీలకి ఉరికేది అందుకే.

సినిమాకొచ్చేసరికి రాయ్ తన గుట్టు తనే బయటపెట్టేశారు. కెమెరా తోప్‌షే వెంట కాకుండా దొంగల వెంట వెళ్ళింది. ఆ తోసెయ్యడం మన కళ్ళ ముందే జరిగింది. ఇంకా ఫెలూదా జోధ్‌పూర్ చేరకముందే దొంగలెవరో చాప మీది చంటిపిల్లలకి కూడా తెలిసిపోయింది. పాపం ఆ గొప్ప డిటెక్టివ్‌కి తెలీదు! సర్క్యూట్ హౌస్‌లో వాళ్ళతోనే మర్యాదగా మాట్లాడతాడు. 'ఎవరు చేశారు' అన్న ప్రశ్న పోయి, 'ఈయన ఎప్పుడు కనిపెడతాడు, ఈలోగా పిల్లాడికి ఏమవుతుంది' అన్న ఆత్రం వచ్చింది.

నవలా రచయిత వేరే, దర్శకుడు వేరే అయితే 'పుస్తకాన్ని పాడుచేశాడు' అని ఒకళ్ళ మీద పడేవాళ్ళం. ఇక్కడ ఇద్దరూ ఒకరే. నా లెక్కలో ఆయన చేసింది సరైన పని. దొంగ పేరు తెలిసిపోయాక రెండోసారి చూడాలనిపించని సినిమాలు బోలెడున్నాయి. దీన్ని మాత్రం బెంగాలీలు యాభై ఏళ్ళుగా పిల్లలకి, ఆ పిల్లల పిల్లలకి చూపిస్తూనే ఉన్నారు.

జటాయు గురించి చెప్పకపోతే నన్ను కిందకి దిగనివ్వరు. అసలు పేరు లాల్‌మోహన్ గంగూలీ, చవక థ్రిల్లర్లు రాసే పెద్దమనిషి. ఆ వేషం వేసింది సంతోష్ దత్తా. ఆయన ఎంతగా అతికిపోయాడంటే, ఆ తర్వాత కథల్లో రాయ్ వేసిన జటాయు బొమ్మల్లో సంతోష్ దత్తా ముఖమే కనిపిస్తుంది. తెర మీది మనిషి వెళ్ళి పుస్తకంలో కూర్చున్నాడు.

ఒంటెలు ముళ్ళకంపలు నములుతుంటే జటాయు అడుగుతాడు చూడండి, ఇవి ముళ్ళు ఏరుకుని తింటాయా అని. బెంగాలీలో కాంటా అంటే కంపలోని ముల్లు, చేపలోని ముల్లు కూడా. చేప లేనిదే ముద్ద దిగని మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. ఇంగ్లీషులో ఆ రెండింటికీ వేర్వేరు మాటలు కాబట్టి కింద అక్షరాల్లో ఈ హాస్యం ఎగిరిపోతుంది. మన తెలుగులో అదీ ముల్లే, ఇదీ ముల్లే. మాస్టారు మైకులో చెప్పగానే వెనక కూర్చున్న గోదావరి వాళ్ళంతా నవ్వింది అందుకే. పులస తిన్నవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇలాంటిదే ఇంకోటుంది. జరగని పనిని, లేని వస్తువుని మనం కుందేటికొమ్ము అంటాం. బెంగాలీలు 'బంగారపు రాతిగిన్నె' అంటారు. బంగారమైతే రాయి కాదు, రాయైతే బంగారం కాదు కదా. కానీ జైసల్మేర్‌లో ఆ గిన్నె నిజంగానే ఉంది. అక్కడి రాయి పసుపు రంగు, ఎండ పడితే బంగారంలా మెరుస్తుంది. 1156లో కట్టడం మొదలైన ఆ కోట కూడా పసుపు ఇసుకరాయిదే. చిన్న గిన్నె చూసి పెద్ద కోట ఎక్కడుందో పట్టేశాడు ఫెలూదా. ఓ సామెతనే ఆధారంగా పెట్టుకుని నడిచిన డిటెక్టివ్ కథ నాకు ఇంకోటి తట్టడం లేదు. ఈ సినిమా తర్వాత బెంగాలీలు జైసల్మేర్‌కి కట్టకట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. ముకుల్ పేరుతో అక్కడ రాతిసామాన్ల కొట్టు కూడా ఉంది.

ఇంటర్వెల్‌లో ఒక అమ్మాయి నన్ను నిలదీసింది, "ఇందులో ఆడపిల్లలు ఎవరూ లేరేం సార్?" అని. లేరమ్మా. ఫెలూదా కథల్లో ఆడవాళ్ళు దాదాపు కనబడరు. అది లోటే. రాయ్ అంటే నాకెంత ఇష్టమైనా దాన్ని వెనకేసుకురాలేను. నువ్వే ఒక కథ రాసి, అందులో ఆడపిల్లల్ని పెట్టు.

చివర్లో చూశారు కదా, ముకుల్ దేనికోసం అర్ధరాత్రిళ్ళు లేచి బొమ్మలు గీశాడో ఆ కోట ఎదురుగా ఉంది. వాడికేమో నిధి అక్కర్లేదు, పూర్వజన్మ అక్కర్లేదు. ఇంటికెళ్తానంటాడు.

మీరూ బయల్దేరండి. మబ్బు పట్టింది. చాపలు మడిచి లైబ్రరీ మెట్ల పక్కన పెట్టండి. జటాయు గొంతు అనుకరిస్తున్న ఆ ఇద్దరూ మాత్రం కాస్త ఆగండి, నా కళ్ళజోడు మీ దగ్గరే ఉండిపోయింది.